సెకనులో ఎనిమిది పదోవంతులు

1796లో ఇంగ్లండులోని గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీలో ఒక అసిస్టెంటు ఉద్యోగం ఊడింది. అతని మీద మోపిన నేరం 0.8 సెకన్ల ఆలస్యం. ఆఫీసుకి రావడంలో కాదు, టెలిస్కోపులో ఒక నక్షత్రం సన్నటి తీగని దాటిన క్షణాన్ని రాసుకోవడంలో. అతని పేరు డేవిడ్ కినబ్రూక్. తీసేసినాయన నెవిల్ మాస్కెలిన్, అప్పటి ఆస్ట్రోనమర్ రాయల్, అంటే ఇంగ్లండు రాజుగారి ఖగోళ శాస్త్రజ్ఞుడు.

సైకాలజీ చదువుకున్నవాళ్ళు ఈ కథ మొదట్లోనే ఎక్కడో విని ఉంటారు. ఇంజినీరింగు చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పటినుంచీ వదలట్లేదు. ఫోన్లో తెర రంగు మారగానే వేలితో తాకి, ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూసుకుని పక్కవాడికి చూపించే ఆట మనలో చాలామంది ఆడే ఉంటారు. ఆ ఆటకి ముత్తాతల్ని వెతుక్కుంటూ పోతే చివరికి తేలేది ఈ గ్రీనిచ్ గదిలోనే. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఉన్న రెండొందల ఏళ్ళ చరిత్రలో నాకు పదేపదే కనిపించింది ఒక్కటే. ఆ అంకెలో ఎన్నెన్ని కలిసి ఉంటాయో జనం మర్చిపోయిన ప్రతిసారీ, ఎవరో ఒక మనిషి దానికి మూల్యం చెల్లించుకున్నాడు.

కినబ్రూక్ చేసే పని ఏమిటో ముందు చూద్దాం. దాన్ని 'కన్ను-చెవి పద్ధతి' అనేవారు. టెలిస్కోపులోంచి చూస్తే నిలువుగా కొన్ని సన్నటి తీగలు కనిపిస్తాయి. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి నక్షత్రం ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జరిగిపోతున్నట్టు ఉంటుంది. గదిలో లోలకం గడియారం సెకనుకోసారి టక్కుమంటుంది. పరిశీలకుడు ముందు గడియారంలో టైము చూసుకుని, కన్ను టెలిస్కోపుకి ఆనించి, చెవితో టక్కులు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. తీగకి ఇవతల వినిపించిన టక్కుకి నక్షత్రం ఎక్కడుంది, అవతల వినిపించిన టక్కుకి ఎక్కడుంది అన్నవి గుర్తుపెట్టుకోవాలి. ఆ మధ్య దూరాన్ని మనసులోనే పది భాగాలు చేసి, ఎన్నో పదోవంతు దగ్గర తీగని దాటిందో రాయాలి. ఈ పద్ధతిలో తప్పు ఒకటి రెండు పదోవంతుల్ని మించదని అప్పటివాళ్ళ నమ్మకం.

1795 ఆగస్టులో తన లెక్కలకన్నా అసిస్టెంటు లెక్కలు దాదాపు అర సెకను ఆలస్యంగా ఉంటున్నాయని మాస్కెలిన్ గమనించాడు. హెచ్చరించాడు. 1796 జనవరి వచ్చేసరికి ఆ అర సెకను తగ్గకపోగా 0.8 అయింది. ఇక లాభం లేదనుకున్నాడు. ఇదంతా దాచిపెట్టలేదు, అబ్జర్వేటరీ ప్రచురించే పరిశీలనల సంపుటంలో తనే రాశాడు. మిగతా విషయాల్లో ఇతను కష్టపడే మనిషేననీ, ఇష్టం లేకపోయినా పంపించాల్సి వచ్చిందనీ రాశాడు. తప్పుకి కారణం మాత్రం, అతను తనదైన ఏదో గందరగోళపు పద్ధతిలో పడిపోయి ఉంటాడనే అనుకున్నాడు.

ఇందులో మాస్కెలిన్‌ని రాక్షసుణ్ణి చేయడం కుదరదు. నక్షత్రం దాటే క్షణంతోనే గడియారాలు సరిదిద్దేవారు. ఆ గడియారాలతోనే మిగతా లెక్కలన్నీ. ఓడలు సముద్రంలో తామెక్కడున్నామో తెలుసుకోవడానికి వాడే 'నాటికల్ ఆల్మనాక్' అనే పంచాంగాన్ని 1767నుంచి వెలువరిస్తున్నది మాస్కెలినే. సమయంలో 0.8 సెకన్ల తప్పంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 370 మీటర్ల తప్పు. ఆయన ఆందోళన న్యాయమైనదే. కానీ ఆయన ఒక ప్రశ్న అడగలేదు. ఆయన తర్వాత రెండు దశాబ్దాలపాటు ఇంకెవరూ అడగలేదు. ఇద్దరి లెక్కల్లో తేడా ఉంది సరే, ఆలస్యం కినబ్రూక్‌దేనని ఎలా తెలుసు? మాస్కెలినే తొందరపడుతూ ఉండొచ్చు కదా? పైవాడి కన్ను సున్నా అయినప్పుడు కిందివాడి కన్ను తప్పవుతుంది, అంతే.

ఆ ప్రశ్న అడిగినవాడు ఫ్రీడ్రిచ్ బెస్సెల్. ప్రష్యా రాజ్యంలోని క్యోనిగ్స్‌బెర్గ్ అబ్జర్వేటరీకి అధిపతి. గ్రీనిచ్ సంగతి ఒక జర్మన్ వ్యాసంలో చదివి, ఇంత తేడా కేవలం నిర్లక్ష్యం వల్ల రాదని అనుమానపడ్డాడు. ఉద్యోగం పోతుందని తెలిసీ హెచ్చరిక తర్వాత కూడా ఒక మనిషి తప్పు పెంచుకుంటూ పోతాడా? తన చుట్టూ ఉన్న మంచి పరిశీలకులతో తనని తనే పోల్చుకుని చూశాడు. వాల్‌బెక్ అనే శాస్త్రజ్ఞుడితో పోలిస్తే తేడా ఒక సెకను పైన తేలింది. 1823లో ఆర్గెలాండర్‌తో పోలిస్తే 1.2 సెకన్లు. ఇద్దరూ పేరున్నవాళ్ళే, ఇద్దరూ జాగ్రత్తపరులే. ఇద్దరికన్నా బెస్సెల్ లెక్కే ముందుంటోంది. అంటే ఆనాటి యూరప్‌లో ఖచ్చితత్వానికి మారుపేరైన మనిషి పక్కన నిలబెడితే మంచి మంచివాళ్ళు కినబ్రూక్‌కన్నా ఘోరంగా 'లేటు'. మాస్కెలిన్‌కి బెస్సెల్ పై అధికారి అయి ఉంటే ఎవరి ఉద్యోగం ఊడేదో చెప్పలేం.

బెస్సెల్ చేసిన పని ఇక్కడ ముఖ్యం. ఎవరి కన్ను సరైనదో తేల్చడానికి ఆయన పూనుకోలేదు. ఇద్దరి మధ్య తేడాని సమీకరణంగా రాశాడు: ఈయన సమయం మైనస్ ఆయన సమయం ఇంత. తర్వాతి కాలంలో దీనికి 'పర్సనల్ ఈక్వేషన్' అన్న పేరు స్థిరపడింది. ఆ సమీకరణంలో సున్నా ఎవరి సొత్తూ కాదు. తేడా ఇద్దరి మధ్య ఉంటుంది, ఒకడి లోపల ఉండదు.

ఖచ్చితంగా మాట్లాడాలంటే కినబ్రూక్ కేసులో కొలిచింది ఇవాళ మనమనే రియాక్షన్ టైమ్ కాదు. కంటికి కనిపించేదాన్నీ చెవికి వినిపించేదాన్నీ ఒకే క్షణంలో జతచేయడంలో మనిషికీ మనిషికీ ఉండే తేడా అది. అసలైన రియాక్షన్ టైమ్ 1850 ప్రాంతాల్లో, టెలిగ్రాఫ్‌తోపాటు వచ్చింది. అమెరికన్ అబ్జర్వేటరీలలో చెవిని పక్కనపెట్టి, నక్షత్రం తీగని దాటగానే మీట నొక్కడం మొదలుపెట్టారు. తిరిగే కాగితం మీద కరెంటు గుర్తు పెట్టేస్తుంది. మనుషుల మధ్య తేడాలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. కంటికి కనబడిన దానికి వేలితో నొక్కడం! మన ఫోన్ల ఆటకి ఇదే తొలి రూపం. కాకపోతే ఆడినవాళ్ళు గడ్డాలు పెంచిన ప్రొఫెసర్లు, తెర బదులు ఆకాశం.

ఖగోళశాస్త్రం మాత్రం ఈ గొడవనుంచి మెల్లగా బయటపడింది. ఫొటో ప్లేటు వచ్చాక చుక్క దాటిపోతుందన్న కంగారు లేదు. ప్లేటుని బల్ల మీద పెట్టుకుని పగటిపూట తీరిగ్గా కొలుచుకోవచ్చు. మన హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాలుపంచుకున్న అంతర్జాతీయ నక్షత్రపటం ప్రాజెక్టు ఇలా ఫొటో ప్లేట్ల మీదే నడిచింది. ఆకాశాన్ని కొలిచేవాళ్ళకి మనిషి ఆలస్యం వదిలించుకోవాల్సిన తలనొప్పి. ఇంకో బృందానికి మాత్రం ఆ తలనొప్పే అసలు సబ్జెక్టయింది.

ఆ బృందం కథ కూడా బెస్సెల్ ఊళ్ళోనే మొదలవడం ఒక వింత. శరీరంలో నరాల వెంట సంకేతం వెళ్ళే వేగాన్ని ఎప్పటికీ కొలవలేమేమో అని యోహానెస్ ముల్లర్ అనే గొప్ప శరీరశాస్త్రజ్ఞుడు భావించాడు. అంత వేగమని అందరి ఊహ. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జ్ 1850లో, క్యోనిగ్స్‌బెర్గ్‌లోనే, కప్ప కాలి నరాన్ని కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి కరెంటుతో తాకించి, కండరం కదలడానికి పట్టిన సమయాల్లో తేడా చూశాడు. సెకనుకి సుమారు 30 మీటర్లు! కాంతి కాదు కదా, శబ్దం వేగంలో పదోవంతు కూడా లేదు. ఒక రకంగా ఇది అవమానకరమైన వార్త. నా వేలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు అది నాకు 'అప్పుడే' తెలియదు. నాలోనే నాకు దూరం ఉంది, ఆ దూరానికి టైము పడుతుంది.

1860ల మొదట్లో స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో, ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ హిర్ష్, గడియారాల తయారీదారు హిప్ చేసిన క్రోనోస్కోపుతో మనుషుల స్పందనని కొలిచాడు. అది సెకనులో వెయ్యో వంతుని చూపించే యంత్రం. కాంతికి స్పందించడానికి సెకనులో సుమారు ఐదోవంతు పడుతోంది, శబ్దానికి అంతకన్నా తక్కువ. ఇవాళ మంచి ప్రయోగశాలలో కొలిచినా దాదాపు ఇవే అంకెలు వస్తాయి.

ఇక ఉట్రెక్ట్‌లోని డచ్చి వైద్యుడు డోండర్స్ దగ్గరికి వద్దాం. నా మట్టుకు నాకు ఈ చరిత్రలో అందరికన్నా దగ్గరివాడు ఇతనే, ఎందుకంటే ఇతను ఆలోచించే తీరు అచ్చం మా వృత్తిలోలాగే ఉంటుంది. మా పనిలో ఏదైనా పేజీ నెమ్మదిగా తెరుచుకుంటే 'మొత్తం ఎంత సేపు పట్టింది' అన్న అంకె దగ్గర ఆగం. ఎక్కడ పట్టింది అని అడుగుతాం. నెట్‌వర్క్‌లోనా, డేటాబేసులోనా, బొమ్మ గీయడంలోనా? డోండర్స్ మెదడుని అదే అడిగాడు. ఒక మనిషి రెండు పాదాలకీ కరెంటు తీగలు పెట్టాడు. ఏ పాదానికి షాక్ తగలబోతోందో ముందే చెప్పి, ఆ వైపు చేత్తో స్పందించమన్నాడు. తర్వాత ఏ పాదమో చెప్పకుండా, ఎటు తగిలితే అటు చెయ్యి కదపమన్నాడు. రెండో సందర్భంలో 0.066 సెకన్లు ఎక్కువ పట్టింది. నరాలు అవే, కండరాలు అవే, యంత్రం అదే. అంటే ఆ 0.066 సెకన్లూ 'కుడా, ఎడమా' అన్న ఆలోచనకి పట్టిన సమయం. ఒక ఆలోచన ఎంత పొడుగుంటుందో కొలిచారంటే ఇదే మొదలు. 1868లో ఈ పద్ధతి మొత్తాన్నీ ప్రకటించాడు.

అందులో మూడు రకాల ప్రయోగాలున్నాయి. ఒకటి: ఏం వస్తుందో తెలుసు, రాగానే స్పందించాలి. రెండు: అనేకం రావచ్చు, దేనికి తగ్గ స్పందన దానికివ్వాలి. మూడు: అనేకం రావచ్చు, ఒక్కదానికే స్పందించి మిగతావాటికి ఊరుకోవాలి. మూడోదాన్ని చదవగానే నవ్వొచ్చింది. హైదరాబాద్ పిల్లలకి ఇది బాగా తెలుసు. నేల మీద అందరూ వేళ్ళు పెడతారు. ఒకడు 'చిడియా ఉడ్' అంటే వేలు లేపాలి, 'తోతా ఉడ్' అంటే లేపాలి, 'భైంస్ ఉడ్' అంటే మాత్రం కదలకూడదు. గేదెని ఎగరేసినవాడు ఔట్. మెట్ల మీద కూర్చుని ఆడుకునే ఈ ఆటకీ డోండర్స్ మూడో ప్రయోగానికీ సూత్రం ఒకటే. ఇందులో గెలిపించేది వేలి వేగం కాదు. లేవబోయిన వేలిని ఆపుకోవడం.

డోండర్స్ తీసివేతల లెక్క అంత శుభ్రమైనది కాదని తర్వాత క్యుల్పే లాంటి జర్మన్ మనస్తత్వవేత్తలు అభ్యంతరం చెప్పారు. పనికి ఒక అంచె చేరిస్తే మిగతా అంచెలు కూడా మారిపోతాయి కదా అన్నారు. ఆ అభ్యంతరం నిజమే. కానీ రియాక్షన్ టైమ్ ఒక కూడిక అన్న ఎరుక డోండర్స్ దగ్గర గట్టిపడింది. కన్ను, నరం, గుర్తుపట్టడం, ఎంచుకోవడం, కండరం, చివర్లో కొలిచే యంత్రం, అన్నీ కలిసి ఒక అంకె.

ఆ ఎరుక ఎంత త్వరగా పోయిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1884లో లండన్‌లో జరిగిన ఆరోగ్య ప్రదర్శనలో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక కొలతల శాల తెరిచాడు. మూడు పెన్నీలు ఇస్తే ఎత్తు, బరువు, ఊపిరి, చూపు, గుద్దు వేగం, అన్నీ కొలిచి చీటీ చేతికిచ్చేవారు. తొమ్మిది వేలమందికి పైగా ఎగబడి కొలిపించుకున్నారు. తర్వాత సౌత్ కెన్సింగ్టన్‌లో కొనసాగించిన శాలలో కాంతికీ శబ్దానికీ స్పందించే సమయం కూడా, లోలకంతో పనిచేసే ఒక పరికరంతో, ఆ జాబితాలో చేరింది. జనానికి అది తిరునాళ్ళలో సరదా. గాల్టన్‌కి మాత్రం అది సరదా కాదు. మేలుజాతి మనుషుల్ని పెంచాలన్న వాదానికి 'యూజెనిక్స్' అని 1883లో పేరు పెట్టినవాడు ఆయనే. ఇంద్రియాల చురుకుదనం బుద్ధికి కొలమానం అవుతుందని ఆయన ఆశ.

1895లో అమెరికాలో బేష్ అనే రచయిత 'జాతిని బట్టి రియాక్షన్ టైమ్' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ అమెరికన్ ఇండియన్లనీ కొలిపించాడు. ఒక్కో గుంపులో పట్టుమని పాతికమంది కూడా లేరు. ఇండియన్లు అందరికన్నా వేగం, తర్వాత నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు అందరికన్నా నెమ్మది అని వచ్చింది. చురుకుదనమే బుద్ధి అనే లెక్కైతే తెల్లవాళ్ళు ఓడిపోవాలి కదా? బేష్ అలా అనలేదు. వేగంగా స్పందించడం ఆదిమ లక్షణమనీ, ఎక్కువ ఆలోచించే జాతి కాబట్టే తెల్లవాళ్ళు నెమ్మదిగా ఉన్నారనీ తేల్చాడు! ఇక్కడ అంకె ఎటు మొగ్గినా తీర్పు మారదు. గ్రీనిచ్‌లో నెమ్మదిగా ఉన్నందుకు కినబ్రూక్ తక్కువవాడయ్యాడు. ఇక్కడ వేగంగా ఉన్నందుకు నల్లవాడు తక్కువవాడయ్యాడు. సున్నా ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ పైవాడి ఇష్టమే.

ఈ ఆశకి మొదటి గట్టి దెబ్బ 1901లో, ఆ శిబిరంలోంచే తగిలింది. గాల్టన్ అభిమాని కాటెల్ కొలంబియా యూనివర్సిటీలో విద్యార్థులకి ఏళ్ళ తరబడి ఇలాంటి పరీక్షలు పెట్టాడు. ఆయన దగ్గరే చదువుకున్న క్లార్క్ విస్లర్ ఆ ఫలితాల్ని క్లాసు మార్కులతో సరిపోల్చి చూశాడు. రియాక్షన్ టైమ్‌కీ మార్కులకీ ఉన్న సంబంధం దాదాపు సున్నా.

ఇంత చరిత్రా యంత్రాలతోనే అనుకోకండి. దీన్ని పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే ఆడొచ్చు. ఒకరు స్కేలుని నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదలాలి. ఇంకొకరు సున్నా దగ్గర వేళ్ళు తెరిచి ఉంచి పట్టుకోవాలి. పడే వస్తువే ఇక్కడ గడియారం. 0.15 సెకన్లలో అది 11 సెంటీమీటర్లు పడుతుంది, 0.2 సెకన్లలో దాదాపు 20, పావు సెకనులో 30 పైన. ఇదే లెక్కతో పందెం కూడా కాయొచ్చు. కొత్త ఐదువందల నోటు పొడవు 15 సెంటీమీటర్లు. దాన్ని నిలువుగా పట్టుకుని, అవతలివాడి వేళ్ళు సరిగ్గా మధ్యలో ఉండేలా చూసి, 'పట్టుకుంటే నీదే' అనండి. వేళ్ళ కింద మిగిలింది 7.5 సెంటీమీటర్లు, అది జారిపోవడానికి 0.12 సెకన్లు చాలు. కంటితో చూసి వేళ్ళు మూయడానికి ఎంతటివాడికైనా అంతకన్నా ఎక్కువే పడుతుంది. పట్టుకున్నాడంటే మీరు వదలబోతున్నట్టు మీ మొహంలో ముందే కనిపెట్టాడన్నమాట.

ఈ 'ముందే కనిపెట్టడం' అన్నది పరుగుపందెంలో నేరం, క్రికెట్‌లో కళ. రెండూ చూడాలి.

పరుగుపందెంలో తుపాకీ మోగిన 0.1 సెకను లోపు పాదం కదిలితే తప్పుడు స్టార్టు. అంత త్వరగా విని కదలడం మనిషికి సాధ్యం కాదు కాబట్టి ఊహించి కదిలావని అర్థం. 2022 జులైలో అమెరికాలోని యూజీన్‌లో ప్రపంచ పోటీల 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌లో డెవన్ ఆలెన్‌ని ఇలాగే బయటికి పంపారు. అది అతను చదువుకున్న యూనివర్సిటీ మైదానం, సొంత జనం. యంత్రం చూపించింది 0.099. సెకనులో వెయ్యో వంతు తేడా. అంతకు ముందు సెమీఫైనల్‌లో అతనిది 0.101, అది సక్రమం. యంత్రం నిజానికి కొలిచేది చెవినీ మెదడునీ కాదు, పాదం కింది దిమ్మె మీద ఒత్తిడి ఎప్పుడు పెరిగిందన్నదాన్ని. ఎంత ఒత్తిడి పెరిగితే 'కదలిక' అనాలో ఆ యంత్రం తయారుచేసినవాళ్ళు నిర్ణయిస్తారు. ఆ పోటీల్లో రన్నర్ల స్పందన సమయాలు మొత్తంగానే ముందు పోటీలకన్నా వేగంగా నమోదయ్యాయని తర్వాత లెక్కలు వేసినవాళ్ళు చూపించారు. మనుషులందరూ ఒక్కసారిగా చురుకయ్యారా, యంత్రం మారిందా? నేనైతే ముందు యంత్రాన్నే అనుమానిస్తాను. కూడికలో ఒక భాగం తనది కూడా అని యంత్రం ఎప్పుడూ చెప్పదు.

ఇక క్రికెట్. లక్ష్మణ్ బ్యాటింగ్ చూసిన ప్రతివాళ్ళూ అనే మాట, 'అతనికి బోలెడంత టైము ఉన్నట్టుంటుంది' అని. గంటకి 140 కిలోమీటర్ల బంతి బౌలర్ చేతిలోంచి బ్యాటు దాకా రావడానికి అర సెకను కూడా పట్టదు. మరి ఆ టైము ఎక్కడిది? గొప్ప బ్యాటర్లకి రియాక్షన్ టైమ్ తక్కువని మనం అనుకుంటాం. ఆక్స్‌ఫర్డ్ మనస్తత్వవేత్త పీటర్ మెక్‌లియోడ్ 1987లో ప్రచురించిన పరిశోధనలో, బంతి నేలని తాకాక ఊహించని వైపు తిరిగేలా ఏర్పాటు చేసి, అంతర్జాతీయ స్థాయి బ్యాటర్లని పరీక్షించాడు. ఆ మలుపుకి తగ్గట్టు బ్యాటు మార్చుకోవడానికి వాళ్ళకీ సుమారు 0.2 సెకన్లు పట్టింది. మామూలు జనానికి ఎంతో వాళ్ళకీ అంతే! 2000లో మైకేల్ లాండ్‌తో కలిసి బ్యాటర్ల కళ్ళ కదలికల్ని రికార్డు చేసినప్పుడు అసలు సంగతి తెలిసింది. బంతి ఎక్కడ పడుతుందో ఊహించి కళ్ళు ముందే ఆ చోటికి దూకుతాయి. మంచి బ్యాటర్ కళ్ళు మరీ ముందు దూకుతాయి. లక్ష్మణ్ టైము నరాల్లోది కాదు, చూసిన వేల వేల బంతుల్లోది.

రియాక్షన్ టైమ్‌ని 'మెరుగుపరుస్తామని' చెప్పే ఆటలన్నిటినీ ఈ వెలుగులోనే చూడాలి. గోడకి టెన్నిస్ బంతి కొట్టి పట్టుకున్నా, మెరిసే లైట్లని తాకినా, కొన్నాళ్ళకి ఆ ఆటలో మన అంకె బాగుపడుతుంది. నిద్ర చాలినరోజు ఇంకాస్త బాగుంటుంది. కానీ ఆ లాభం ఆట దాటి జీవితంలోకి వస్తుందన్న వాగ్దానం వేరు. మెదడుకి పదును పెడతామన్న లూమాసిటీ ప్రకటనలకి తగిన ఆధారాలు లేవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, ఆ కంపెనీ 2016లో ఇరవై లక్షల డాలర్లు కట్టి రాజీపడింది.

ముప్పై దాటిన నాలాంటివాళ్ళకి ఇందులో ఒక చేదు, ఒక తీపి. 2014లో కెనడా పరిశోధకులు స్టార్‌క్రాఫ్ట్ 2 అనే వీడియో గేమ్ ఆడే 3,305 మంది రికార్డులు పరిశీలించారు. కొత్త దృశ్యం కనబడినప్పటినుంచి మొదటి చర్యదాకా పట్టే సమయం 24 ఏళ్ళ వయసునుంచే పెరగడం మొదలవుతోందట. అది చేదు. తీపి ఏమిటంటే, పెద్దవాళ్ళు పని తేలికయ్యే పద్ధతులు వెతుక్కుని ఆ నష్టాన్ని కొంత పూడ్చుకుంటున్నారు. వేలు నెమ్మదించినా ఆట ఆగదు.

ఇప్పుడు మళ్ళీ ఫోన్ ఆట దగ్గరికి. మామూలు తెర సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది, అంటే ఒక్కో బొమ్మకీ 16.7 మిల్లీసెకన్లు. రంగు మారమని ప్రోగ్రాం చెప్పాక అది తెర మీదికి రావడానికి కొంత, వేలు తాకిందని ఫోన్ గుర్తించడానికి కొంత, ఆ కబురు ప్రోగ్రాం దాకా చేరడానికి ఇంకొంత. ఇవన్నీ మన ఖాతాలోనే పడతాయి. ఖరీదైన తెర కొనుక్కున్నవాడు ఏ సాధనా చేయకుండానే 'చురుకు' అయిపోతాడు. 2013లో కొందరు పరిశోధకులు గాల్టన్ కాలపు అంకెల్ని ఇప్పటి అంకెల పక్కన పెట్టి, విక్టోరియా కాలంవాళ్ళు మనకన్నా వేగవంతులు, కాబట్టి మనకన్నా తెలివైనవాళ్ళు అని వాదించారు. పరికరాలు వేరు, కొలిపించుకోవడానికి వచ్చిన జనం వేరు, వీటిని ఎలా పోలుస్తారని మిగతావాళ్ళు పట్టుకున్నారు. గాల్టన్ పోయి వందేళ్ళు దాటినా ఆయన ఆశ పోలేదు.

ఈ ఆశకి కొత్త చిరునామా మా పరిశ్రమే. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాళ్ళకి ఇంటర్వ్యూ కన్నా ముందు 'ఆటలు' పెట్టే పద్ధతి వచ్చింది. రంగు మారగానే నొక్కు, బాణం ఎటుంటే అటు నొక్కు, ఎర్రది వస్తే నొక్కకు. డోండర్స్ మూడు ప్రయోగాలూ ముచ్చటైన బొమ్మలతో దిగిపోయాయి. మా బంధువుల అబ్బాయొకడు హాస్టల్లో, నలుగురు కలిసి వాడే పాత ల్యాప్‌టాప్ మీద ఒక కంపెనీ పెట్టిన ఇలాంటి పరీక్ష రాశాడు. మర్నాడు మెయిల్ వచ్చింది, ముందుకు తీసుకెళ్ళలేకపోతున్నామని. 'అన్నా, నేను నిజంగా స్లో అంటావా?' అని అడిగాడు. ల్యాప్‌టాప్ ఎన్నేళ్ళది, అప్పుడు ఇంకేమేం ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయి, మౌస్ ఉందా టచ్‌ప్యాడా అని నేను అడుగుతూ పోతే వాడు బిత్తరపోయాడు. ఆ పరీక్ష పెట్టినవాళ్ళెవరూ వాణ్ణి అవి అడగలేదు. ఆ మెయిల్‌కి కారణం ఆ అంకేనని నేను రుజువు చేయలేను. కాదని రుజువు చేసుకునే దారి వాడికీ లేదు. నన్ను వేధించేది అదే. మాస్కెలిన్ కనీసం సంపుటంలో తేదీలతో సహా రాసిపెట్టాడు. అందుకే ఇరవై ఏళ్ళ తర్వాతైనా బెస్సెల్ చదివి అనుమానపడగలిగాడు. మా యంత్రాలు వెళ్ళగొట్టినవాళ్ళ సంగతి ఏ సంపుటంలోనూ ఉండదు.

అలాగని ఈ ఆటలు ఆడొద్దనను. నేనూ ఆడతాను, ఓడిపోతే కాస్త ఉక్రోషపడతాను కూడా. స్కేలు పట్టుకోవడంలో, గేదెని ఎగరనివ్వకుండా వేలిని ఆపుకోవడంలో ఉన్న సరదా గొప్పది. ఆటలో ఓడినవాడు మళ్ళీ ఆడొచ్చు. కొలతని తీర్పు చేసినప్పుడే ఆ రెండో అవకాశం మాయమవుతుంది.

కినబ్రూక్ 1802లో చనిపోయాడు. బెస్సెల్ లెక్కలు రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళ దూరం. తనది తప్పు కాకపోవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. గ్రీనిచ్ సంపుటంలో ఆ 0.8 ఇవాళ్టికీ అతని పేరు మీదే ఉంది. లెక్క ప్రకారం అది ఇద్దరి పేర్ల మధ్య ఉండాలి.